ఆదివారం పీకిన గోలు కట్టెలు

ఏటిని పారించేవాడూ, ఎండబెట్టేవాడూ ఒక్కడే అయిన దేవునికి ముందుగా స్తోత్రం. అడిగింది దొరికినప్పుడు స్తోత్రం చెప్పడం ఎవరూ నేర్పనక్కరలేదు. అడిగి అడిగి గొంతు ఆరిపోయిన తరువాత కూడా అదే మాట చెప్పాలని మా నాయన నాకు నేర్పాడు. ఆయనకు వచ్చినంత బాగా నాకు రాలేదు. అయినా ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చునే ముందు మోకాళ్లూని ఆ మాటే చెప్పి లేచాను.

పోయిన నెల మా ఊరి ప్రార్థన మందిరం వసారా విప్పుతున్నామని పాస్టరుగారు ఫోన్ చేశారు. మా ఊరు పామిడికి ఎగువన, పెన్న ఒడ్డున ఉంటుంది. నేను బడిపంతులుగా చేసి, రిటైరై, అనంతపురంలో ఉంటున్నాను. మా నాయన ఏసేపు చాలాకాలం ఆ సంఘానికి పెద్దగా ఉన్నాడు కాబట్టి, మందిరంలో ఏ పని మొదలుపెట్టినా నాకు ఒక మాట చెప్పడం వాళ్ల మర్యాద. బస్సు దిగి నడిచి వెళ్లేసరికి రేకులు దించేశారు. ఆ రేకులను ఇన్నేళ్లు మోసిన నాలుగు నీలగిరి కట్టెలు నేలమీద పడి ఉన్నాయి. కొత్త స్లాబు వేసి ప్రతిష్ఠ చేసే రోజు వంటకు పనికొస్తాయని ఇద్దరు పిల్లలు వాటిని చీల్చడానికి గొడ్డలి తెచ్చారు. ఒక్కో కట్టె అడుగున మోకాలెత్తు వరకు తారు పూసి ఉంది. పైభాగమంతా వెలిసి బూడిద రంగుకు తిరిగినా తారు మాత్రం నల్లగా అలాగే ఉంది. బండల మీద నిలబెట్టిన వసారా కట్టెకు తారు ఎందుకని ఆ పిల్లలకు తోచలేదు. తోచవలసిన అవసరమూ లేదు. అవి వసారా కోసం తెచ్చినవి కావు. పెన్న ఇసుకలో ఫుట్‌బాల్ ఆటకు గోలు కట్టెలుగా నిలబడినవి.

నా పడుచుదనంలో పెన్న అంటే మాకు ఇసుకే. నీళ్లున్న ఏరును మా తాతలు చూశారు, మేం వాళ్ల మాటల్లో విన్నాం. గుత్తి రైలు దారి పక్కన చదువుకుని వచ్చిన ఎవరో మిషను ఉపాధ్యాయుడు ఎప్పుడో ఆ ఫుట్‌బాల్ ఆటను మా పేటకు తెచ్చాడట. మెరకలో చదునైన నేల అంటే చేనే. చేను తొక్కితే ఎవరూ ఊరుకోరు. అందుకని ఏటి నడుమ ఇసుకలో ఆడేవారు. ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక ఒడ్డు మీద జనం కూర్చుంటే, కింద ఇసుకలో మా సంఘం జట్టు ఆడేది. గోలుకు పైన అడ్డకర్ర ఉండేది కాదు, రెండు కట్టెల మధ్య కొబ్బరితాడు కట్టేవారు. గాలికి తాడు ఊగితే అది గోలా కాదా అని వాదన మొదలై, ఒక్కోసారి ఆట కంటే ఆ వాదనే ఎక్కువసేపు సాగేది.

మా ఇంట్లో ఆదివారం శనివారం సాయంత్రమే మొదలయ్యేది. అమ్మ గంజిలో ముంచి ఆరేసిన తెల్లబట్టలు పెళపెళలాడుతుంటే మడిచేది. నాయన విత్తనపు మూట పక్కన కొయ్యకు తగిలించిన బంతిని దించి, ఒళ్లో పెట్టుకుని, పసిబిడ్డ తలకు రాసినట్టు ఆముదం రాసేవాడు. ఇల్లంతా ఆముదం, తోలు, గంజి కలిసిన వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆముదం సీసా మూత తీస్తే నాకు మరుసటి రోజు ఆదివారమే అనిపిస్తుంది. అమ్మ పొయ్యి దగ్గర సంగటి కెలుకుతూ అనేది: "నా తల అట్టకట్టి శానా దినాలాయె. దానికి లేని ఆముదం తోలుబంతికి ఉండాది." నాయన తల ఎత్తకుండానే, "నీ తల పగలదులే, ఇది పగులుతుంది" అనేవాడు. ఊరిబిండి పచ్చడితో సంగటి తిని, ప్రార్థన చేసుకుని పడుకునేవాళ్లం. ఆ ప్రార్థనలో వాన ఉండేది, వేరుశనగ బుడ్డల చేను ఉండేది, చివర్లో జట్టు కూడా ఉండేది. దేవుని ముందు ఆట సంగతి ఎత్తడం తప్పేమోనని నేను ఒకసారి అడిగితే, ఏటి సంగతి ఎత్తినప్పుడు ఏట్లో ఉన్నవాళ్ల సంగతి ఎత్తకపోతే ఎట్లా అన్నాడు.

కట్టెలు పీకే ఆచారం కూడా ఆయన వల్లే వచ్చింది. వరసగా పంటలు ఎండిన కాలంలో ఒక ఆదివారం ఆరాధనలో అప్పటి పాస్టరు అయ్యగారు, ఏరు పారాలని అందరం ప్రార్థన చేద్దాం, లేవండి అన్నారు. అందరూ లేచారు. నాయన లేవలేదు. ఆరోగ్యం బాగాలేదేమో అనుకున్నారు. ఆయన కూర్చునే, "అయ్యగారూ, గోలు కట్టెలు ఏట్లోనే నిలబడుకోని ఉండాయి. వాటిని ఆడనే ఇడిసిపెట్టి ఏరు రావాలని అడిగితే, రాదులే అని మనమే ముందుగా చెప్పినట్ల కదా" అన్నాడు. అయ్యగారు బైబిలు మూసి, "పోయి తీసుకురండి" అన్నారు. నలుగురు కుర్రవాళ్లకు బదులు ఎనిమిది మంది వెళ్లారు, ఒక్కో పచ్చి నీలగిరి కట్టెకు ఇద్దరు కావలసి వచ్చింది. నాలుగింటినీ తెచ్చి మందిరం ముందు పడుకోబెట్టాక గాని ప్రార్థన జరగలేదు.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం అదే పద్ధతి. ఉదయం ఆరాధనకు ముందు కట్టెలు పీకి ఒడ్డెక్కించడం, ఏరు రావాలని ప్రార్థించడం, సాయంత్రం మబ్బు లేని ఆకాశం కేసి ఒకసారి చూసి మళ్లీ కిందికి మోసుకుపోయి పాతుకోవడం. ఇసుక తడి తగిలి అడుగు పుచ్చిపోతుందని నాయన వాటికి తారు పూశాడు. కట్టె పీకిన ప్రతిసారీ ఆ గుంటలోకి చెయ్యి పెట్టి చూసేవాడు. మొదట్లో చెయ్యి తడిసేది. వానలు బాగా పడిన ఏడయితే కాసేపటికి గుంటలో నీరు ఊరి చెలమలాగా నిలిచేది, ఆటగాళ్లు దోసిట్లో పట్టి తాగేవారు. తరువాత తరువాత వేళ్లకు చెమ్మ మాత్రం తగిలేది. గుంటలోంచి చెయ్యి తీశాక పంచెకు తుడుచుకునేవాడు. తుడుచుకున్న చోట మరక పడిందా లేదా అని నేను చూసేవాణ్ని.

ఈ ఆచారాన్ని వేళాకోళం చేసేవాళ్లలో మొదటివాడు పుల్లన్న. ఆయన గొర్రెల కాపరి, మా సంఘంవాడు కాదు. నేను మామా అని పిలిచేవాణ్ని. ఆటంటే ప్రాణం. ఆదివారం జీవాలను ఏటి ఒడ్డుకే తోలుకొచ్చి, చేతికట్టె గడ్డం కింద పెట్టుకుని నిలబడేవాడు. "మీ దేవునికి కట్టెలు పీకి సూపిచ్చల్లనా అన్నా? ఆయనకు పైనుంచి కనపడదా?" అనేవాడు. "ఆయనకు కనపడుతుంది, మనకే కనపడల్ల" అనేవాడు నాయన. రెండోవాడు మస్తాను. పామిడి దారిలో సైకిలు షాపు. బంతి లోపలి బ్లాడరుకు పంక్చర్ వేసేది ఆయనే. చేతులకెప్పుడూ రబ్బరు సొల్యూషన్ వాసన. వీళ్లిద్దరూ, నాయనా ఒడ్డుమీద ఒకేచోట కూర్చునేవారు. బీయస్సీ, టీచరు ట్రైనింగు అయ్యి పని లేక ఇంట్లో ఉన్న నేను వాళ్ల పక్కన కూర్చునేవాణ్ని. ఆట నాకు రాదు. ఆ ముగ్గురి మాటల కోసం వెళ్లేవాణ్ని.

ఆ సంవత్సరం జట్టు పదిమందికి పడిపోయింది. నడుమ నిలబడి సెంటర్ హాఫ్ ఆడేవాడు పెళ్లి చేసుకుని అత్తవారి వైపు వెళ్లిపోయాడు. మా పేటలో ఇళ్లకు ఇళ్లే బెంగుళూరు పనులకు తాళాలు వేసుకుని పోతున్న కాలం అది. కుర్రవాళ్లను ఊళ్లో కట్టిపడేసింది ఆ ఆదివారం ఆట ఒక్కటేనని నాయన గట్టిగా నమ్మాడు. పదకొండో వాడు దొరక్కపోతే జట్టు చెదురుతుంది, జట్టు చెదిరితే ఒకడి వెనక ఒకడు బస్సెక్కుతాడు, తరువాత మందిరంలో ముసలివాళ్లమే మిగులుతాం. ఇది ఆయన భయం. రాత్రి ప్రార్థనలో బుడ్డల చేను కంటే ముందు పదకొండో వాడు వచ్చి చేరాడు. ప్రభువు సమాధిలోంచి లేచిన తరువాత ఆయన చేతిలో మిగిలిన శిష్యులూ పదకొండు మందేనని, ఆ లెక్క తక్కువది కాదని అనేవాడు.

అడిగినట్టే ఒకడు వచ్చాడు. గోలీగా నిలబడే యోహాను వాళ్లమ్మ కరుణమ్మకు తమ్ముడు. పేరు సమూయేలు. గుత్తి దగ్గర రైల్వే కాలనీలో పెరిగాడు, తండ్రి పోయాక అక్క ఇంటికి చేరాడు. గట్టి నేలమీద ఆడినవాడు. మొదటి ఆదివారం కాన్వాసు బూట్లతో ఇసుకలోకి దిగి, బంతి కోసం పరిగెత్తబోయి బోర్లా పడ్డాడు. తరువాత ఆటంతా మధ్యలో కదలకుండా నిలబడ్డాడు.

"వాడేందప్పా, కొంగ మాదిరి నిలబడుకున్నాడు" అన్నాడు పుల్లన్న. "ఆడతాండాడా, చేపలు చూస్తాండాడా?"

"ఈ ఏట్లో చేపలు యాడుండాయి" అన్నాడు మస్తాను.

"అదే చెప్తాండా. లేని చేపల కోసరం నిలబడుకున్నాడు."

"వచ్చిన పొద్దే అట్లనొద్దప్పా" అన్నాడు నాయన. "బూట్లు ఇప్పితే సరిపోతుంది."

"బూట్లు ఇప్పితే కాళ్లు కనపడతాయి, ఆట కనపడుతుందా?"

నాయన నొచ్చుకున్నాడు. ఆయనకు అతను కొత్త ఆటగాడు మాత్రమే కాదు, ప్రార్థనకు వచ్చిన జవాబు. మరుసటి వారం సమూయేలు ఒట్టికాళ్లతో దిగాడు. ఇసుకలో బంతి దొర్లదని, దాన్ని లేపి వేయాలని అతనికి ఒక్క ఆటలో అర్థమైంది. అప్పుడు మాకు తెలిసింది, అతను కదలకుండా నిలబడింది చేతకాక కాదని. ఎవడు ఎక్కడ ఉన్నాడో చూసి పెట్టుకునేవాడు. బంతి కాలికి రాగానే తల ఎత్తకుండా అటు వేసేవాడు. చెయ్యి కొద్దిగా లేపితే మిగతా పదిమందీ అటు తిరిగేవారు. నాలుగైదు వారాల్లో ఒడ్డుమీద మాటలు మారిపోయాయి.

"చూస్తివా?" అన్నాడు మస్తాను ఒక సాయంత్రం. "వీపు ఎనకుండేటోనికి ఏసినాడు. మా అమ్మ సంగటి ముద్దలు పంచినట్ల, యెవునికెంత గావల్లో చూడకనే తెలుసు వానికి."

"మీ అమ్మ నీకు రెండు ముద్దలు ఏసిందిలే, కనపడతాంది" అన్నాడు పుల్లన్న.

"వీనికి ఈడనే పెండ్లి చెయ్యల్లప్పా" అన్నాడు నాయన. "పెండ్లయితే యాడికీ పోడు."

"ఈ ఊరికి పిల్లను యెవురిస్తారన్నా?" అన్నాడు పుల్లన్న. "మా తమ్ముని కొడుక్కి అడగను పోతే, పిల్లోని పేరు గూడా అడగలే వాళ్లు. బోర్లో నీళ్లుండాయా అన్నారు."

"ఉండాయని చెప్పకపోతివా?"

"చెప్పినా. మోటరు ఏసి సూపిమ్మన్నారు. కరెంటు లేదంటి."

"నయమే."

"యాడ నయం? ఆ పొద్దే వచ్చి సచ్చింది కరెంటు. ఎప్పుడూ ఉండనిది, వాళ్లు గట్టు మీద నిలబడుకున్నప్పుడే వచ్చింది. మోటరు ఏసినారు. బుస్సుమని గాలి వచ్చింది. మట్టి వచ్చింది. పిల్ల తండ్రి మొగం మీద గూడా పడింది."

మస్తాను పొట్ట పట్టుకుని నవ్వాడు. నాయనా నవ్వాడు. "మల్ల యేమన్నాడు?"

"ఏమంటాడు? తుడుచుకున్యాడు. మజ్జిగ తాగి పోయినాడు. మంచోడే పాపం." పుల్లన్న గడ్డం కింది కట్టె తీసి రెండో చేతికి మార్చుకున్నాడు. "ఇప్పుడు వాని పెండ్లి గాదు, నా గొర్లకు యేమి పెట్టల్ల అనుకుంటాండా. కొండకల్ల పోతే ఆడ గూడా కంపలే ఉండాయి. ఈ నెలలో పదిహేను అమ్మేసల్ల అనుకుంటాండా. అమ్మితే ఇంగ నేను యేమి తోలుకోని వస్తా ఈడికి?"

ముగ్గురూ ఆట వైపు చూపు తిప్పారు గాని ఆటను చూడడం లేదు. కాసేపటికి ఒడ్డంతా అరుపులు లేచాయి. మస్తాను ఉలిక్కిపడి, "యెవురు ఏసినారప్పా గోలు?" అన్నాడు. ముగ్గురిలో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. వాళ్ల మాటలు ఎక్కడ మొదలైనా చివరికి నీళ్ల దగ్గరికి వెళ్లి అక్కడ ఆగిపోయేవి. మళ్లీ అక్కడి నుంచి లేవాలంటే వాళ్లకు బంతి కావలసి వచ్చేది.

ఆ సంవత్సరం కోత పండుగకు కోతే లేదు. అయినా పండుగ చేశారు. బలిపీఠం ముందు ఎవరో ఒక గుమ్మడికాయ పెట్టారు, కరుణమ్మ చేటలో రాగులు తెచ్చింది, అమ్మ కోడిగుడ్లు పెట్టింది. కట్టెలు ఎప్పటిలాగే మందిరం ముందు పడుకుని ఉన్నాయి. సాయంత్రం పక్క ఊరి జట్టుతో ఆట. కొత్త బంతి ఇచ్చినవాడు లింగప్ప మేస్త్రీ. మా వైపువాడే, బెంగుళూరులో మేడల పనులు పట్టి బాగుపడ్డాడని చెప్పుకునేవారు. వ్యానులో వచ్చాడు. బంతి ఇచ్చినవాడు కాబట్టి నాయన ఆయనకు తమ మధ్యలో తుండుగుడ్డ పరిచి చోటు ఇచ్చాడు. మా ముగ్గురు పెద్దలకూ కొత్త శ్రోత దొరికాడు. సమూయేలు గొప్ప చెప్పడానికి ఒకరి మాటకు ఒకరు అడ్డం పడ్డారు.

"ఆ నడుమోడు చెప్తే తక్కినోళ్లు వింటారా?" అని అడిగాడు లింగప్ప.

"వినేదేంది?" అన్నాడు మస్తాను. "వాడు చెయ్యెత్తితే చాలు, గొర్లు తిరిగినట్ల తిరుగుతారు."

"గొర్లు అట్ల తిరగవులే. గొర్ల కంటే మేలు" అన్నాడు పుల్లన్న.

"ఇసకలో ఇంతసేపు పరిగెత్తి అలుపు రాదా వాళ్లకు?"

"పొద్దు మునిగేదాకా ఆడతారప్పా" అన్నాడు నాయన. "ఒకని మాట మీద ఉండే పిల్లోల్లు. తాగేటోడు ఒక్కడు లేడు. ప్రార్థనలో పెరిగినోళ్లు."

లింగప్ప తల ఊపాడు. "అట్లాంటోళ్లు పదిమంది ఒక తావ దొరకరన్నా ఈ పొద్దు" అన్నాడు. మా వాళ్లు దాన్ని పొగడ్తగానే తీసుకున్నారు. నేనూ అలాగే తీసుకున్నాను. ఆ సాయంత్రం మా జట్టు గెలిచింది. తాడు ఊగిందన్న వాదన కూడా రాలేదు. నాయన ఇంటికి వచ్చి అమ్మతో, దేవుడు ఇచ్చేటప్పుడు నిండుగా ఇస్తాడు అన్నాడు.

రెండు రోజులకు వ్యాను మళ్లీ వచ్చింది. పదకొండు మందినీ ఒకే గుంపుగా సెంట్రింగు పనికి తీసుకుపోతానని, వాళ్లకు సమూయేలే పెద్దగా ఉంటాడని లింగప్ప చెప్పాడట. ఒక్కొక్కడిగా వెళ్లడానికి భయపడి ఊళ్లో ఉండిపోయినవాళ్లు, అందరం కలిసి అనేసరికి ఒప్పుకున్నారు. వాళ్లను ఊళ్లో నిలుపుతాడని నాయన ప్రార్థించి తెచ్చుకున్నవాడి వెనకే వాళ్లంతా వ్యాను ఎక్కారు. సమూయేలు మా గడపలోకి వచ్చి తల వంచి నిలబడ్డాడు. నాయన అతని తల మీద చెయ్యి పెట్టి, దూర ప్రయాణం పోయేవాళ్ల కోసం చేసే ప్రార్థన చేశాడు.

"కోతలకు వస్తాం పెద్దయ్యా" అన్నాడు సమూయేలు.

వాకిట్లో నిలబడిన పుల్లన్న, "యా కోతలకురా?" అన్నాడు.

ఆ ఆదివారం ఉదయం నాయన నన్ను లేపి ఏటికి తీసుకెళ్లాడు. మస్తాను వచ్చాడు. ఆరాధనకు ఏనాడూ రాని పుల్లన్న కూడా జీవాలను ఒడ్డున వదిలి కిందికి దిగాడు. నలుగురం రెండు విడతలుగా నాలుగు కట్టెలూ మోసి మందిరం ముందు పెట్టాం. ప్రార్థన అయింది. సాయంత్రం మళ్లీ మోసుకుపోయి పాతాం. తాడు కూడా కట్టాం. తరువాత ముగ్గురూ ఒడ్డెక్కి ఎప్పటి చోటే కూర్చున్నారు. కింద ఇసుక ఖాళీగా ఉంది. మస్తాను గాలి నింపి తెచ్చిన కొత్త బంతి ఆయన పక్కనే ఉంది. చాలాసేపటికి పుల్లన్న, "నడుమోడు ఈ పొద్దు ఎట్ల ఆడతాడో" అన్నాడు. "బాగనే ఆడతాడులే" అన్నాడు మస్తాను. "పోయిన వారం కుడిపక్కకు ఎక్కువ ఏసినాడు. ఎడమపక్కోడు ఒట్టిగ నిలబడుకున్యాడు." "అది నిజమే" అన్నాడు నాయన. అక్కడి నుంచి మాట బోరు మీదికి, మేత మీదికి, పామిడి సంత మీదికి పోయింది. పొద్దు మునిగాక లేచి దులుపుకున్నారు. తరువాతి ఆదివారమూ అంతే. ఏళ్ల తరబడి అంతే. నాకు ఉద్యోగం వచ్చి ఊరు విడిచాక, సెలవులకు వెళ్లినప్పుడల్లా ఆ ముగ్గురూ అక్కడే కూర్చుని, లేని జట్టును మెచ్చుకుంటూ, తిట్టుకుంటూ కనిపించేవారు.

ఒకసారి నేను ఊళ్లో ఉన్నప్పుడే యోహానును తెచ్చారు. మేడ మీద నుంచి పడ్డాడు. వ్యానులో వాడి పక్కన కూర్చుని వచ్చింది సమూయేలు. సమాధి మీద మట్టి వేసి అందరూ వెళ్లాక అతను ఒక్కడే నిలబడి ఉన్నాడు. నాయన అతని దగ్గరికి వెళ్లాడు.

"ఆడ ఆడతాండారా మీరు?" అని అడిగాడు. అంతకంటే అడగడానికి ఆయనకు ఏమీ తోచలేదనుకుంటాను.

"లేదు పెద్దయ్యా. ఆదివారం గూడా పనే. ఒక్కోడు ఒక్కో తావ ఉండాడు ఇప్పుడు."

"అందరూ ఒక తావనే అంటిరే?"

"మొదట్లో ఉండినాం. మల్ల మేస్త్రీ నన్నే పంచమన్నాడు. నీకు తెలుసు కదా, యెవుడు యాడ నిలబడల్లో అన్నాడు. ఈ మేడకు నలుగురు, ఆ మేడకు ముగ్గురు అని నేనే పంచినా." సమూయేలు సమాధి వైపు చూడలేదు. "యోహాన్ని ఆ మీదికి నేనే ఏసినా పెద్దయ్యా."

నాయన భుజం మీది తువ్వాలు తీసి అతని మెడకూ చేతులకూ అంటిన మట్టిని తుడిచాడు. లేఖనాల్లో ఇలాంటి చోట చెప్పవలసిన మాటలు ఆయనకు చాలా వచ్చు. ఒకటీ చెప్పలేదు. ఆ తరువాత సమూయేలు మా ఊరు రాలేదు. కరుణమ్మ మాత్రం చివరిదాకా ఆరాధనకు వచ్చింది. మందిరం ముందు కట్టెలున్న చోట ఆగకుండా, పక్కగా నడిచి లోపలికి వెళ్లేది.

తరువాత ఇసుక ట్రాక్టర్లు వచ్చాయి. మొదట అవతలి ఒడ్డున, తరువాత నడుమకు. ఒక ఆదివారం కట్టె పీకి నాయన గుంటలో చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా పెట్టాడు, ఇసుక మీద పడుకుని భుజం దాకా పెట్టాడు. తీసిన చేతి నుంచి పొడి ఇసుక రాలిపోయింది. పంచెకు తుడుచుకోలేదు. తుడుచుకోవడానికి ఏమీ లేదు. ఆ సాయంత్రం కట్టెలు తిరిగి కిందికి తీసుకుపోలేదు. వసారాకు కట్టెలు కావాలని అయ్యగారు అడిగితే ఇచ్చేశాడు. నమ్మకం పోయి ఇచ్చాడా, వాటిని ఇక ఏటిలోకి దించకపోవడమే పెద్ద ప్రార్థన అనుకుని ఇచ్చాడా, నేను అడగలేదు. ఆయన పోయినప్పుడు, సమాధికి తీసుకుపోయే ముందు, ఆ వసారా కిందే పడుకోబెట్టాం. మస్తాను కూడా ఎప్పుడో పోయాడు.

పోయిన నెల కట్టెలు చూశాక ఒడ్డు మీదికి నడిచాను. పుల్లన్న ఇంకా ఉన్నాడు. చూపు సరిగా ఆనదు. జీవాలు లేవు, చేతికట్టె మాత్రం ఉంది. పాత చోటే కూర్చుని ఉన్నాడు. కింద ఇసుక లేదు. మనిషి లోతు గుంటలు, వాటి నిండా సర్కారు తుమ్మ కంప.

"యెవురప్పా?"

"ప్రసాదును మామా. ఏసేపు కొడుకును."

"కట్టెలు తీసినారంట కదా?"

"తీసినారు మామా. మందిరం ముందర పెట్టినారు."

"అయితే ఈ పొద్దు ఆదివారమా?"

"కాదు, బేస్తవారం."

ఆయన, "ఏ వారమైతే ఏమిలే, తీసినారు కదా. ఎగువకల్ల చూడు, ఏమన్నా వస్తాందేమో. నాకు కనపడదు" అన్నాడు. నేను చూశాను. ఎగువకు ఆకాశం తెల్లగా ఉంది. నా చూపు కూడా మసకే మామా అని చెప్పి పక్కన కూర్చున్నాను.

తిరిగి వచ్చేసరికి గొడ్డలి తెచ్చిన పిల్లలిద్దరూ కట్టెల మీదే కూర్చుని ఒకే ఫోనులోకి చూస్తున్నారు. ఏదో దేశపు ఫుట్‌బాల్ జట్టు. అందులోకి కొత్తగా ఎవడినో తెచ్చారట. "వాడు వచ్చినాక నడుమ గట్టిగుండాదిరా" అన్నాడు ఒకడు. "ఏమి గట్టి, నిలబడుకుంటాడు వాడు" అన్నాడు రెండోవాడు. కాసేపు ఆ వాదన సాగింది. తరువాత మొదటివాడు, "నీ పని ఏమాయె?" అన్నాడు. "సోమవారం పోతాండా. బెంగుళూరు." "ఒక్కనివేనా?" "ఒక్కన్నే." మళ్లీ ఇద్దరూ ఫోనులోకి చూశారు. మా ముగ్గురు పెద్దలకూ ఒడ్డు ఉండేది, ఎదురుగా ఇసుక ఉండేది, కనీసం పీకడానికి నాలుగు కట్టెలు ఉండేవి. ఈ పిల్లలు దేన్ని పీకి దేవునికి చూపాలో నాకు తెలియలేదు.

ఒక కట్టె చీల్చవద్దని వాళ్లను అడిగాను. సరే తాతా అని లేచారు. దాన్ని గోడ పక్కకు జరుపుదామని తారు పూసిన కొస పట్టుకుని ఎత్తబోయాను. ఆ కొస లేచింది, రెండోది నేలమీదే ఉండిపోయింది. సాయం వస్తామన్నారు పిల్లలు. వద్దని, అలాగే కాసేపు నిలబడ్డాను.

ఇది చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, మా పెన్న పారాలని ఇప్పటికీ రోజూ అడుగుతున్నాను. వస్తుందని నాలో నమ్మకం ఉన్నట్టు చెబితే అది అబద్ధం, దేవుని ముందు అబద్ధం రాయలేను. ఇసుక తిరిగి రాదు, యోహాను రాడు, సోమవారం ఆ పిల్లవాడు బస్సెక్కి ఉంటాడు. అయినా కట్టెను మాత్రం కింద పెట్టలేదు. నాలుగింటిలో ఒక్కటే మిగిలింది, దానికి ఎప్పుడూ ఇద్దరు కావాలి. ఈ కొస నా చేతిలో ఉంది. మీరు ఎక్కడ ఉన్నా, మోకాళ్లూనినప్పుడు ఒక్కసారి ఆ రెండో కొస పట్టుకోండి. ఒడ్డెక్కిద్దాం. ఆమేన్.